చాప మీద మొదటి వంతు

లంబాసా ఊళ్లో షియు దయాల్ బస్సులు ఎక్కనివాళ్లు లేరు. మోకాళ్లు మొరాయించాక ఆయన బస్సుల్ని, షెడ్డుని, డ్రైవర్లని పెద్దకూతురు విమ్లేష్ చేతిలో పెట్టాడు. తాళాలైతే ఇచ్చాడు గానీ పెత్తనం ఇవ్వలేదు. నిజం చెప్పాలంటే తప్పు ఆయనొక్కడిదే కాదు, ఆ చాపది కూడా.

సాయంత్రం బళ్లన్నీ చేరాక మగవాళ్లు షెడ్డు వెనక చాప పరుస్తారు. కొయ్య గిన్నెలో, కాస్త మత్తిచ్చే యంగోనా వేరు పొడిని నీళ్లలో పిసికి, కొబ్బరిచిప్పతో ముంచుకుని వంతులవారీగా తాగుతారు. మొదటి వంతు పెద్దాయన దయాల్‌కి. ఇక వంతువంతుకీ చప్పట్లు, మధ్యలో పరాచికాలు. రేపు ఏ బండి ఎక్కడికి పోవాలో తేలేది అక్కడే. విమ్లేష్ ఆఫీసు గదిలో కూర్చుని, ఆ నవ్వులు వింటూ చల్లారిన రోటీ తినేది. చాప మీదికి రావద్దని ఆమెతో ఎవరూ అనలేదు. రమ్మనీ అనలేదు.

ఒకరోజు ఆమె పాత నీలం బస్సు బ్రేకులు చూసి, బాగయ్యేదాకా సవుసవు ఊరికెళ్లే కొండరోడ్డు ఎక్కించొద్దంది. మర్నాడు పొద్దున వస్తే షెడ్డులో బస్సు లేదు.

"బండేది కాకా?" అని పాత మెకానిక్కు సకియూసాని అడిగింది.

"వెళ్లింది బేటీ. నిన్న చాప మీద మీ పాపా 'ఒక్క ట్రిప్పేగా, పోనీండి' అన్నాడు. పెద్దాయన మాట కాదంటామా?"

బస్సులో సగం మంది బడిపిల్లలే. అది తిరిగొచ్చేదాకా ఆమె ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం చెప్పులు విడిచి, తిన్నగా వెళ్లి చాప మీద తండ్రికి ఎదురుగా కూర్చుంది. నవ్వులు ఆగిపోయాయి.

"పాపా, రేపట్నుంచి బండి తియ్యాలన్నా ఆపాలన్నా నేనే చెప్తాను. నువ్వేమైనా అనాలంటే నాతో అను. వీళ్లతో కాదు."

"ఈ మాట ఇంట్లో అనొచ్చుగా."

"ఎన్నిసార్లు అనలేదు? అక్కడ ఊఁ అంటావు, ఇక్కడికొచ్చి మర్చిపోతావు."

ఎవరో నవ్వబోయి దగ్గుతో సర్దుకున్నారు. దయాల్ తన చేతిలోని చిప్పని కూతురి ముందు పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచి, ఇంటికి వెళ్లిపోయాడు.

అప్పట్నుంచి ఆమె ఆపమన్న బండి ఆగింది, కదలమన్నది కదిలింది. మొదటి వంతూ ఆమెకే. చప్పట్లు పద్ధతిగా కొడతారు. పరాచికాలు మాత్రం లేవు. రెండో వంతు కాకుండానే ఒకడికి పిల్ల జ్వరం, ఇంకొకడికి పెళ్లాం ఫోను. గెలిచినామె పక్కన కూర్చోవడం ఎవరికీ చేతకాదు.

ఒకనాడు చాప మీద ఆమె, సకియూసా మిగిలారు.

"అంతా ఎక్కడికి పోతున్నారు కాకా?"

"మన డ్రైవర్ సుభాష్ ఇంట్లో చాపేస్తున్నారు బేటీ."

"పాపా కూడానా?"

"ఆయన లేకుండా ఎలా? బళ్ల మాటెత్తితే 'నా కూతుర్నడగండి' అంటాడు. మిగతాదంతా కడుపుబ్బ నవ్వించడమే."

ఇంట్లో ఆయన విమ్లేష్‌తో నవ్వి నెలలవుతోంది.

"మరి నువ్వెళ్లలేదేం?"

"నిన్నొక్కదాన్నే వదిలేసి పోతే ఏం బాగుంటుంది?"

"వెళ్లు కాకా. గేటు నేనేసుకుంటాను."

ఆ మాట కోసమే చూస్తున్నట్టు సకియూసా లేచాడు.