పైడయ్య పేరు అడిగిన మాస్టారు

అప్పలస్వామి మాస్టారు పరమపదించారన్న వార్త నాకు క్లాంగ్ స్టేషనులో రైలు కోసం నిలబడి ఉండగా ఫోనులో వచ్చింది. పంపినవాడు మా తెలుగు సంఘం అధ్యక్షుడు. ‘మన చరిత్రకారుడు కన్నుమూశారు, సమాజానికి తీరని లోటు’ అని రాశాడు. మాస్టారు బతికి ఉన్నన్నాళ్లూ ‘పాతకాలం పిచ్చోడు’ అన్న నోరు కూడా అదే. నాకు ముందు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. రెండు రైళ్లు వదిలేసి మూడోది ఎక్కాను.

మాస్టారని పిలుచుకున్నామే గాని ఆయన వృత్తిచేత ఉపాధ్యాయుడు కాదు. బంటింగ్‌లో ఒక ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేసే ఫిట్టరు. ఆయన తాత శ్రీకాకుళం వైపు నుంచి ఈ మలయు దేశపు రబ్బరు తోటకు కూలీగా వచ్చినవాడు. ప్రతి ఆదివారం తన ఇంటి వరండాలో మాస్టారు మాకు తెలుగు అక్షరాలు దిద్దించేవారు. ఇంట్లో తమిళం, బడిలో మలయు మాట్లాడే మాలాంటి పిల్లలకు ఆ వరండాయే సరస్వతీ పీఠం. ఈ నాలుగు వాక్యాలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అది ఆయన భిక్షే.

యౌవనంలో ఫ్యాక్టరీవారు ఆయనను శిక్షణ కోసం జర్మనీలో ఒక ఉక్కు నగరానికి పంపారు. పనికి వెళ్లే దారిలో ఒక చౌకు, దాని మూల ఒక రాతిపలక ఉండేవట. ఆ చోటు మొదట సంత, తరువాత దానికి ఒక రాజు పేరు, ఆపైన ఒక నియంత పేరు. యుద్ధకాలంలో పరదేశపు బందీలను ఫ్యాక్టరీలకు తోలే ముందు అక్కడే వరుసగా నిలబెట్టేవారు. ఆ చరిత్ర అంతా, బందీల పేర్లతో సహా, పలక మీద చెక్కి ఉంది. తోటి పనివాడొకడు చదివి చెప్పాడు. “ఒళ్లు జలదరించినాదమ్మా,” అనేవారు మాస్టారు. “ఆళ్లు సేసిన పాపం ఆళ్లే రాయి మీద సెక్కుకున్నారు. మన బయల్లో మనోళ్ల సెమటుంది, కన్నీరుంది. ఒక్క అచ్చరముందా, సెప్పు?”

మన బయలంటే బంటింగ్‌లో ఇప్పుడు అందరూ దతరాన్ అని పిలుచుకునే రాళ్లు పరిచిన చౌకు. సాయంత్రాలు పిల్లలు అక్కడ సైకిళ్లు తొక్కుతారు. ఒకప్పుడు అది తోటవారి పెరట్టు. వెలుగు రాకముందే కూలీలను వరుసల్లో నిలబెట్టి కంగాణి, అంటే కూలీల మేస్త్రీ, పేర్లు పిలిచే చోటు. తోట పోయాక సంతయింది, సంత పోయాక లారీలు ఆగాయి, ఇప్పుడు దీపస్తంభాలు వెలిశాయి. ఉద్యోగ విరమణ తరువాత మాస్టారు ఆ చోటు చరిత్రను వయోవృద్ధుల నోళ్ల నుంచి ఒక్కొక్క మాటగా సేకరించారు.

ఒకసారి నన్ను వెంటబెట్టుకుని బస్సులో హుటాన్ మెలింటాంగ్ అనే చేపల రేవుకు వెళ్లారు. ఆ తోటలో పనిచేసిన రాములమ్మ అక్కడ చేపల పడవలు నడిపే కొడుకు దగ్గర ఉండేది. “జొరమొచ్చి ఒక్కపూట ఆలీసమైనాడు బాబూ మా ఆయన,” అందామె. “పెరట్టులో నిలబెట్టినారు. ఎండెక్కినా కదలనీలేదు. పడిపోనాడు. మరి లేవనేదు.” మాస్టారు ఆయన పేరడిగారు. భర్త పేరు పలకడానికి ఆమె నోరు రాలేదు. “మా అమ్మోరు పైడితల్లి పేరే పెట్టినారు,” అంది చివరికి.

“పైడయ్యా?” అన్నారు మాస్టారు.

ఆమె తలూపింది. “పెళ్లయినకాడి నుంచీ ఆ పేరు నేననలేదు. నువ్వు రాసుకో, బాబూ. నలుగురికీ సెప్పు.”

దతరాన్‌లో చరిత్ర ఫలకం పెట్టించాలని ఆయన ఏళ్ల తరబడి తిరిగారు. అధికారుల కంటే ముందు అడ్డుపడింది మనవాళ్లే. “కూలీలం, దెబ్బలు తిన్నాం అని మనమే బోర్డు పెట్టుకుంటామేటి, మాస్టారూ? మన పిల్లలిప్పుడు డాక్టర్లు లా,” అన్నాడు అధ్యక్షుడు, మాట చివర ఇక్కడివారి అలవాటైన ‘లా’ తగిలించి. “కూలోడి మనవడు డాక్టరైతే సిగ్గెందుకు నాయనా?” అన్నారాయన శాంతంగా.

చివరకు అనుమతి వచ్చింది. నేను క్లాంగ్‌లో అనువాదాలు చేసి బతికేదాన్ని గనుక, మలయు పాఠం రాసే పని నాకే అప్పగించారు. అధ్యక్షుడు నా దగ్గరకు వచ్చి, “ఆ పడిపోయినోడి సంగతి తీసెయ్యమ్మా. ఆపీసోళ్లు మొహం ముడుస్తారు. అసలుకే మోసమొస్తాది,” అన్నాడు. తీసేశాను. నా మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు.

ఆవిష్కరణ నాడు మాస్టారికి వెనుక వరుసలో కుర్చీ వేశారు. పెద్దలు ఫొటోలు దిగి వెళ్లాక ఆయన లేచి వచ్చి, వేలు ఆన్చి, ఫలకం రెండుసార్లు చదివారు.

“పైడయ్య పేరేదమ్మా?”

“చోటు చాలదన్నారు, మాస్టారూ.”

ఫలకం కింద గోడంతా ఖాళీ. ఆయన గోడను చూశారు, నన్ను చూశారు. “రాములమ్మకి నేనేటి సెప్పాల?” అన్నారు. అంతే. ఆ తరువాత ఎప్పుడు వెళ్లినా కాఫీ ఇప్పించారు, పిల్లల చదువులు అడిగారు. ఆ చౌకు మాట మాత్రం నా దగ్గర మళ్లీ ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మొన్నటి సంతాప సభలో దతరాన్‌కు ఆయన పేరే పెట్టించాలని తీర్మానించారు. అధ్యక్షుడు నా వైపు తిరిగి, “బోర్డు మీదకి మూడు ముక్కలు రాసియ్యమ్మా. కష్టజీవి, పండితుడు, మంచోడు. సాలు,” అన్నాడు.

“పైడయ్య పేరు రాయనిస్తే రాస్తాను,” అన్నాను.

“మళ్లీ అదేనా లా?” అని నవ్వాడు. ఇంకెవరి చేతనైనా రాయిస్తారు. అదే బోర్డు మీదికి ఎక్కుతుంది.

బతికి ఉండగా ఆయన పక్కన నిలబడలేనిదాన్ని, ఆయన పోయాక అధ్యక్షుడికి ఎదురు చెప్పాను. దానివల్ల మాస్టారికి ఒరిగిందేమీ లేదు. ఆయన వంటి సత్యనిష్ఠుడు ఈ నేల మీద మాకు మళ్లీ దొరకడు. దొరికినా, మేము ఆయనను గుర్తిస్తామన్న నమ్మకం నాకు లేదు. మాస్టారూ, మీరు నేర్పిన అక్షరాలతోనే మీకు ద్రోహం చేశాను. ఆ అక్షరాలతోనే ఈ నాలుగు మాటలూ రాసి మీ పాదాల దగ్గర పెడుతున్నాను. స్వీకరించమని అడిగే ధైర్యం నాకు లేదు.