బదులు మనిషి

పలక మంచిదో కాదో కంటికి తెలియదు, చెవికి తెలుస్తుంది. ఎడమచేతి వేళ్ల మీద దాన్ని తేలిగ్గా నిలబెట్టి, కుడిచేతి మధ్యవేలి కణుపుతో ఒక్క దెబ్బ కొట్టాలి. ఖంగుమంటే మంచిది. దబ్బుమంటే లోపల ఎక్కడో సన్న నెర్ర ఉన్నట్టు, పక్కన పారెయ్యాలి. మార్కాపురంలో ఒక పలకల కార్ఖానాలో మూడేళ్ల పాటు నేను వెలగబెట్టిన ఉద్యోగం ఇదే. పొద్దున్నే పీట మీద కూర్చుంటే పొద్దు గూకేదాకా కొట్టడం, వినడం, పేర్చడం. ఎవరైనా ఏం పని చేస్తున్నావని అడిగితే మాత్రం మీసం దువ్వుకుంటూ "చెకింగ్" అనేవాణ్ణి.

ఇంటికి వచ్చినా వేలు ఊరుకునేది కాదు. నీళ్ల కడవ, తలుపు చెక్క, బస్సు రేకు, ఏది దగ్గరుంటే దాన్ని కొట్టి చూడటమే. ఒకసారి మా మామ తిరుపతి పోయి గుండు చేయించుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నా చెయ్యి దానంతట అదే లేచింది. నా భార్య గబుక్కున పట్టుకుని ఆపబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ పూటే మా రెండిళ్లకు మాటలు తెగిపోయేవి. ఆ మామే ఆమె తండ్రి మరి.

ఆ పనిలో నేనెందుకు చేరానంటే గొర్రెల వల్ల. మా ఊరు మార్కాపురం నుంచి త్రిపురాంతకం పోయే దారిలో ఉంటుంది. నాయనకు గొర్రెల మందే ఆస్తి, అదే బ్యాంకు, అదే భూమి. నేను ఐదో ఫారం పాసైన ఏడు వాన మొహం చాటేసింది. మేత లేక కొన్ని చచ్చాయి, మిగిలినవి వచ్చిన ధరకు పోయాయి. ఇంకొక్క ఏడాది చదివితే ఆరో ఫారం, అంటే ఎస్.ఎస్.ఎల్.సి. అయిపోయేది. కానీ ఇంట్లో తినడానికే లేనప్పుడు ఫారాలు ఎవరడిగారు? కార్ఖానా సావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకుని నాయన చేతిలో పెట్టాను. ఆయన మళ్లీ మంద కొన్నాడు. ఆ అడ్వాన్సు నెలనెలా నా జీతంలో పట్టుకునేవాళ్లు. అది తీరేదాకా నేను పీట మీద నుంచి లేవడానికి లేదు.

అప్పటికి మాకు కొత్త రాష్ట్రం వచ్చి ఎన్నో ఏళ్లు కాలేదు. మా తాలూకాలన్నీ ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. ఎక్కడ చూసినా కొత్త బడులు తెరుస్తున్నారు, పాఠం చెప్పడానికి మనుషులు లేరు. ఎస్.ఎస్.ఎల్.సి. పాసై ట్రైనింగ్ అయితే చాలు, పంతులు ఉద్యోగం ఇంటికొచ్చి ఇస్తారనేవాళ్లు. నా వెనక బెంచీలో కూర్చుని నా దాంట్లో చూసి రాసినవాడు గిద్దలూరు వైపు ఎక్కడో పంతులైపోయాడు. వాడు కార్ఖానాకు వచ్చి తన బడికి రెండు డజన్ల పలకలు కొన్నాడు. ఆ పలకలన్నీ నేనే కొట్టి ఇచ్చాను. ఆ రోజు నాకు వచ్చిన మంట ఇంతా అంతా కాదు. సాయంత్రం సావుకారు ముందు నిలబడి, "నేను మళ్లీ బడికి పోతానయ్యా" అనేశాను.

సావుకారు మంచివాడే. గట్టిగా అరవడం ఆయనకు తెలియదు. కళ్లజోడు పైకి తోసి, "పో నాయనా, చదువు మంచిదే కదా" అన్నాడు. "అడ్వాన్సు మాత్రం ఉండాది. తీర్చేసి పో. తీర్చలేకపోతే నీ పీట మీద బదులు మనిషిని పెట్టి పో."

కార్ఖానాల్లో అది అందరికీ తెలిసిన పద్ధతి. అడ్వాన్సు తీసుకున్నవాడు మానేయాలంటే తన ఇంటివాళ్లలో ఒకరిని తన చోట కూర్చోబెట్టాలి. మనిషి మారతాడు, బాకీ మారదు. నేను మా బావమరిదిని బతిమాలి తీసుకుపోయాను. వాడు మధ్యాహ్నం అన్నానికని లేచి ఇక తిరిగి రాలేదు. "నా చెవుల్లో ఇంకా గంటలు మోగుతుండాయి, నన్ను వదిలెయ్ బావా" అని దణ్ణం పెట్టాడు. ఇంకెవరున్నారు? నాయన గొర్రెల్ని వదిలి రాలేడు. నాకు తమ్ముళ్లు లేరు. ఇక అయిపోయిందిలే అని నేను చాప మీద పడుకుని గోడ వైపు తిరిగాను.

"నేను పోతాలే" అంది నా భార్య.

ఆమె నా మేనమామ కూతురు. పెళ్లై రెండేళ్లు. చాటలో జొన్నలు చెరుగుతూ, తల కూడా ఎత్తకుండా అంది.

"నువ్వా? ఆడోళ్లు పలకలు రుద్దుతారు, రంగులేస్తారు. చెకింగ్ పీట మీద ఎవురూ కూచోలేదే."

"కూచుంటే పీట ఇరిగిపోతాదా?" అంది. "ఒక ఏడాదే కదా బావా. నువ్వు పంతులైతే నేను పంతులమ్మనైతా. గోడను చూడటం ఆపి ఆ గోనెసంచి ఇట్టా అందుకో."

సావుకారు నాలుగు రోజులు నసిగి, ఆడమనిషికి కూలి తక్కువ, అడ్వాన్సు తీరడానికి ఎక్కువ రోజులు పడుతుంది అని చెప్పి ఒప్పుకున్నాడు. నాయన మాత్రం ఒప్పుకోలేదు. ఊరికి పోయి చెబితే ఒక్కటే మాట అన్నాడు. "ఆడమనిషిని పనికి తోలి నువ్వు బెంచీ మీద కూచుంటావా? నా గడప తొక్కొద్దు పో." నాకు తిక్క రేగింది. "సరే, తొక్కను" అని నేనూ అనేసి వచ్చాను. మా ఇంట్లో కోపానికి ఎప్పుడూ కరువు లేదు.

ఇక మిగిలింది హెడ్మాస్టరు గారు. ఆయన కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. నన్ను కింద నుంచి పైదాకా చూసి, మీసం దగ్గర ఆగిపోయాడు. మీసం అంటే మామూలు మీసం కాదు, మూడేళ్లు తీరుబడిగా పెంచింది.

"ఇదిగో అబ్బాయ్, దీన్ని పెట్టుకుని నువ్వు ఆరో ఫారంలో కూర్చుంటే పిల్లలు నీకు నమస్కారం చేస్తారు, నాకు చెయ్యరు. రేపు తీసేసి రా, చేర్చుకుంటాను" అన్నాడు.

సీటు దొరికిన సంబరంలో నాకింకేమీ తట్టలేదు. నేరుగా మంగలి దగ్గరికి పోయి కూర్చున్నాను. అతను కత్తి పట్టుకుని నా మొహం వంక అదోలా చూసి, "ఎప్పుడు జరిగినాదన్నా?" అని మెల్లగా అడిగాడు. "ఇప్పుడే, సీటు ఇచ్చినారు" అన్నాను సంతోషంగా. అతను ఇక నోరెత్తకుండా గొరిగి పంపాడు.

మా వైపు తండ్రి బతికి ఉన్నవాడు మీసం తియ్యడు. తండ్రి పోతేనే కొడుకు మీసం తీసేది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న సంగతే, ఆ రోజు నా బుర్రలో నుంచి ఎక్కడికి పోయిందో! నున్నటి మొహంతో ఈల వేసుకుంటూ బస్టాండు దాటుతున్నాను. కదలబోతున్న త్రిపురాంతకం బస్సు కిటికీలో మా ఊరి పిన్నమ్మ ఒకామె కనబడింది. నన్ను చూసి నవ్వబోయి, మొహం చూసి ఆగిపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయ్యో నా నాయనా! నిన్ననే కదరా మీ నాయన్ను చూస్తిని! ఎంత పని జరిగిపాయె!" అని కిటికీలోంచే రాగం అందుకుంది. బస్సు కదిలింది.

"పిన్నమ్మా, నాయన బాగుండాడు! నాయనకేం కాలేదు!" అని అరుస్తూ నేను బస్సు వెంట పరిగెత్తాను. ఇంజను మోతలో ఏం వినబడుతుంది? బస్సులో వాళ్లందరూ తలలు బయట పెట్టి, తండ్రి పోయిన దుఃఖంలో పిల్లోడు పాపం బస్సు వెంట పడ్డాడని నా వైపు జాలిగా చూశారు.

తర్వాత జరిగింది నాయన చెబితేనే బాగుండేది. పిన్నమ్మ ఊళ్లో బస్సు దిగి, రోడ్డు మీద నుంచే ఏడుపు మొదలుపెట్టిందట. ఇల్లిల్లూ దాటుతుంటే వెంట ఒక్కొక్కరూ చేరి, మా ఇంటికి వచ్చేసరికి పదిహేను మంది అయ్యారట. నాయన అరుగు మీద కూర్చుని సంగటి తింటున్నాడు. వీళ్లను చూసి, ఎవరు పోయారో పాపం అని కంచం పక్కన పెట్టి, తనూ భుజం మీది తువ్వాలుతో కళ్లొత్తుకుంటూ లేచి ఎదురుపోయాడట! పిన్నమ్మ ఆయన్ను చూసి కెవ్వుమని కేకేసి పడిపోతే నీళ్లు చల్లి లేపాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే నాయన మార్కాపురంలో మా ఇంటి ముందు ఉన్నాడు. చేతిలో కర్ర. నేను తలుపు చాటుకు జరిగాను, అబద్ధం ఎందుకు. నా మూతి వంక చాలాసేపు చూశాడు.

"ఊరంతా ఏడ్చినార్రా నా కోసం" అన్నాడు చివరికి. "నాకు బాకీ ఉండేవోడు గూడా ఏడ్చినాడు. నా మంచితనం ఇంత ఉండాదని నాకే తెల్వదు." ఆయన మూతి వణికింది. ఏడుస్తాడేమో అనుకున్నాను. పకపకా నవ్వాడు. నా భార్య లోపల నుంచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగి, "చచ్చినోడి మాట ఎవురింటారు? చదువుకో పో" అని కర్ర తీసుకుని లేచాడు. గడప దగ్గర ఆమెతో ఏదో అన్నాడు, నాకు వినబడలేదు. ఆ నెల నుంచి సజ్జలు, జొన్నలు ఊరి నుంచి వస్తూనే ఉన్నాయి.

బడిలో ఆ ఏడాది భలే సరదాగా గడిచింది. నా బెంచీ వాళ్లందరికీ పదిహేనేళ్లు, పదహారేళ్లు. నన్ను అన్నా అనేవాళ్లు. ఒకడు వరస కలిపి మామా అనేవాడు, పరీక్షలప్పుడు ఆ వరస ఇంకా దగ్గరయ్యేది. లెక్కల పంతులు నాకంటే చిన్నవాడిలా కనబడేవాడు. నన్ను లేపి ప్రశ్న అడగాలంటే, "మీరు చెప్పండి... నువ్వు చెప్పు" అని తడబడేవాడు. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు వరండాలో నన్ను ఆపి, "మీరు ఏం చెబుతారండీ?" అన్నాడు. "అడిగితే ఏదైనా చెబుతానండీ" అన్నాను వినయంగా. తర్వాత నిజంగానే పంతులునై ముప్పై ఏళ్లు చేసినా, ఏ ఇన్‌స్పెక్టరుకూ అంత మంచి జవాబు చెప్పలేదు.

నా భార్య మాత్రం పొద్దున్నే సద్ది కట్టుకుని పోయేది, సాయంత్రం ఒళ్లంతా పలకపొడి దులుపుకుంటూ వచ్చేది. నేను ఆమెను చూసి బాధపడుతూ ఉండేవాణ్ణి. అడ్వాన్సు ఇంకా ఎంత ఉందని అడిగితే, "తీరతాదిలే, నువ్వు చదువుకో" అనేది. నేను పాసైన రోజే ఈమెను ఆ పీట మీద నుంచి లేపాలి అని రోజూ అనుకునేవాణ్ణి. పరీక్షలు రాశాను. అన్నీ బాగానే రాశాననుకున్నాను.

రిజల్టు వచ్చిన రోజు మధ్యాహ్నం బస్టాండు దగ్గర హోటల్లో పేపరు పట్టుకున్నాను. నా ముందు నెంబరు ఉంది, నా వెనక నెంబరు ఉంది. మధ్యలో నేను లేను. ఇంగ్లీషు దెబ్బ కొట్టిందని అప్పుడే అర్థమైంది. తర్వాత వచ్చిన మార్కులూ అదే చెప్పాయి. మామా అని పిలిచినవాడు పాసయ్యాడు. ఎండలో ఇంటికి నడుస్తూ ఏం చెప్పాలో వల్లెవేసుకున్నాను. చదువు చాలు, నేను రేపటి నుంచి పనికి పోతాను, నువ్వు ఇంట్లో ఉండు. ఇంత కష్టపెట్టి చివరికి ఇదా నేను తెచ్చింది అని నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆమె ఆ రోజు ఒంటిపూటకే పని నుంచి వచ్చేసి, పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"పోయింది" అన్నాను.

"తెలుసు" అంది. "పేపరు కార్ఖానాకూ వచ్చినాది. రైటరు చేత నీ నెంబరు రెండు మాట్లు ఎతికిచ్చినా."

"రేపట్నుంచి నేను పనికి పోతా. నువ్వు చేసింది చాలు. ఆ అడ్వాన్సేదో నేనే తీరుస్తా."

"ఏ అడ్వాన్సు? అది శివరాత్రికే తీరిపాయె గదా."

నాకు అర్థం కాలేదు. ఆడకూలితో అంత త్వరగా ఎలా తీరుతుంది?

"మూడో నెల నుంచి నాకు మొగోళ్ల జీతమే ఇస్తుండాడు సావుకారు" అంది. "నీతో చెప్తే, తీరిపాయె గదా అని నన్ను ఇంట్లో కూచోబెట్టి, పుస్తకాలు కట్టిపెట్టి నువ్వు పోయి కూచుంటావని చెప్పలా."

"మరి ఇప్పుడన్నా నన్ను పోనీ."

"యాడికి పోతావు బావా?" అంది. మొదటిసారి తల ఎత్తి నా వైపు చూసింది. "ఆ పీట నాది. సావుకారు నిన్ను రానియ్యడు, కావాలంటే పోయి అడుగు. నీ పెట్టెల్లో పగిలిన పలకలు వచ్చినాయని ఎన్ని జాబులు వస్తుండెనో నీకు తెల్వదు, ఆయన మొగమాటానికి నీతో అనలేదు. నా పెట్టెలకు ఒక్క జాబు రాలేదు." లేచి, జొన్నల కుండలో చెయ్యి పెట్టి ఒక గుడ్డమూట తీసి నా ముందు పెట్టింది. "సెప్టెంబరు పరీక్షకు ఫీజు. తక్కువైతే చెప్పు. బువ్వ తిని చదువుకో."

మూట చేతిలోకి తీసుకున్నాను. నా కోసం ఎంత కష్టపడుతోందో అని ఏడాదిగా నేను ఆమె మీద జాలిపడుతున్నాను. ఆమె నా మీద జాలిపడుతోందని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది, నవ్వొచ్చింది, ఆకలి కూడా వేసింది. బువ్వ తిని ఇంగ్లీషు పుస్తకం తీశాను.