సున్నాలక్క పెన్సిలు

విశ్వవిద్యాలయంలోని గణాంకశాస్త్ర విభాగంలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. అక్కడ తప్ప ఇంకెక్కడా వినపడదు. అటెండరు దగ్గర్నుంచి పెద్ద ప్రొఫెసర్ల దాకా అందరికీ ఆవిడ సున్నాలక్కే. ఉద్యోగం టైపిస్టు, చదువు పదో తరగతి. ఏటా పరీక్షలకు ముందు పిల్లలకిచ్చే అభ్యాస ప్రశ్నల పుస్తకం ఇరవై ఆరేళ్లుగా ఆవిడ చేతుల మీదుగానే బయటికి వెళ్తోంది. రెండు వందల ప్రశ్నలు, చివరి నాలుగు పేజీల్లో జవాబులు.

రెండో అంతస్తు చివర ఆవిడ గది. సగం కిటికీకి ఇనప బీరువా అడ్డం. కీబోర్డు మీద అక్షరాలు సగం అరిగిపోయాయి, ఆవిడ వేళ్లకి వాటితో పని లేదు గనక ఎవరూ మార్చలేదు. కంప్యూటరు పక్కన దారం కట్టిన పెన్సిలు వేలాడుతూ ఉంటుంది. రాతప్రతిలో అనుమానం వచ్చిన ప్రశ్న పక్కన ఆ పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి మేష్టారి దగ్గరికి తిప్పి పంపుతుంది. పేరు అలా వచ్చింది.

సరదాకి మొదలుపెట్టిన అలవాటు కాదది. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఒకమ్మాయి పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "మేడమ్, రెండు రోజుల్నుంచి చేస్తున్నానండి. ఎన్నిసార్లు చేసినా నాకు 0.36 వస్తోంది, ఇక్కడేమో 0.63 అని ఉంది. నాకు లెక్కల బుర్ర లేదేమోనండి," అంది, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే. సున్నాలక్క రాతప్రతి వెతికి తీసేసరికి వారం పట్టింది. అందులో 0.36 అనే ఉంది. తప్పు తన వేళ్లదే. పరుగున వెళ్లి అడిగితే, ఆ అమ్మాయి అప్పటికే లెక్కలు మానేసి వేరే సబ్జెక్టుకి మారిపోయిందన్నారు. ఆ మాట విన్నప్పుడు గుండెల్లో పడ్డ రాయి ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ మర్నాడే అప్పటి పెద్ద ప్రొఫెసరు దగ్గర కూర్చుని నాలుగు సూత్రాలు అట్టముక్క మీద రాయించుకుంది. పట్టికలో సంభావ్యతలన్నీ కూడితే ఒకటి రావాలి. ఏ సంభావ్యతా ఒకటి దాటకూడదు. విస్తృతి, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత, సున్నాకి కిందికి పోదు. సగటు ఎప్పుడూ అన్నిటికన్నా చిన్న అంకెకీ పెద్ద అంకెకీ మధ్యలోనే ఉంటుంది. ఆ అట్ట గోడకెక్కింది. "నాకొచ్చిన లెక్కలివే," అంటుంది ఎవరైనా అడిగితే. ఆ నాలుగింటితోనే ఎంతమంది డాక్టరేట్ల చేత నీళ్లు నమిలించిందో మాత్రం చెప్పదు. మర్యాదస్తురాలు.

నిరుడు కొత్త హెడ్డు వచ్చాడు. వయసు చిన్నది, తెలివి పెద్దది, కోపం ముక్కు మీద. సీనియర్ల నోట్సు చూసి పిల్లలు జవాబులు ఎక్కించేస్తున్నారని పాత ప్రశ్నల్లో అంకెలు మార్చి కట్ట పంపాడు. "సాయంత్రానికల్లా ప్రెస్సుకి వెళ్లిపోవాలి. పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి," అని కబురు.

ముప్ఫై ఎనిమిదో ప్రశ్న దగ్గర సున్నాలక్క వేళ్లు ఆగాయి. ఒక కౌంటరుకి గంటలో వచ్చే ఫోన్లు: సున్నా, ఒకటి, రెండు, మూడు. సంభావ్యతలు 0.2, 0.3, 0.3, 0.2. సగటు ఎంత? వెనక పేజీలో జవాబు 1.7. కూడింది, ఒకటొచ్చింది. 1.7 సున్నాకీ మూడుకీ మధ్యలోనే ఉంది. అట్ట ప్రకారం అంతా సవ్యమే. కానీ ఆవిడ ధాన్యం కొట్టువాడి కూతురు, తక్కెడ చూస్తూ పెరిగిన మనిషి. అటు ఎంతుందో ఇటూ అంతే ఉంది. ముల్లు నడిమధ్యలో, అంటే ఒకటిన్నర దగ్గర నిలబడాలి. పక్కకి ఎందుకు ఒరిగింది?

బీరువా తీసి కిందటేటి పుస్తకం పక్కన పెట్టుకుంది. అందులో అదే ప్రశ్నకి 0.1, 0.3, 0.4, 0.2. జవాబు 1.7. విషయం బోధపడింది. ప్రశ్నలు తయారుచేసేవాళ్లు మాత్రమే చేయగల తప్పిది: మహానుభావుడు ప్రశ్న మార్చి జవాబు మార్చడం మరిచిపోయాడు. ఇంకా ఎన్నున్నాయో అని రెండు వందలూ పోల్చి చూసింది. ప్రశ్న మారి జవాబు మారనివి పదకొండు. పదకొండు సున్నాలు చుట్టి హెడ్డు గదికి పట్టుకెళ్లింది.

ఆయన కాగితాలు ముట్టుకోలేదు. "మీ పని టైపు చెయ్యడం అండి. లెక్కలు చూడ్డానికి మేమున్నాం. ఇలా ఆలస్యం చేస్తే వచ్చే ఏడాది నుంచి పుస్తకం బయటిచ్చి చేయించుకుంటాను," అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

గదికొచ్చి ఇంటాయనకి ఫోన్ చేసింది. ఆయన దర్జీ. విషయమంతా విని, "కందకు లేని దురద కత్తిపీటకెందుకే? ఇచ్చింది కొట్టి ఇచ్చెయ్యి," అన్నాడు మిషను తొక్కుతూనే.

"నీ కొలత తప్పితే ఒక్కడికే చొక్కా బిగుతవుతుంది. ఇది మూడొందల మంది పిల్లలకి," అని ఫోన్ పెట్టేసింది.

పుస్తకం చేయి జారిపోతుందేమోనని భయం లేకపోలేదు. ఏడాదికోసారి ఆ పుస్తకం తప్ప ఆ గదిలో ఆవిడ గర్వంగా చెప్పుకునే పని ఇంకొకటి లేదు. అయినా గుమ్మంలో నిలబడ్డ ఆ అమ్మాయే కళ్ల ముందు మెదిలింది. మళ్లీ లేచి వెళ్లింది.

"సార్, ముప్ఫై ఎనిమిది ఒక్కటి చెయ్యండి. 1.7 వస్తే ఈ పెన్సిలు మీ ముందే విరిచేస్తాను. ఇంకెప్పుడూ సున్నా చుట్టను."

ఆవిణ్ని వదిలించుకోవడానికే ఆయన పెన్ను తీశాడు. రెండు నిమిషాల్లో ముఖం రంగు మారింది. ఇంకోసారి చేశాడు. తరవాత మిగిలిన పదీ చేశాడు. ఆవిడ నిలబడే ఉంది. ఆఖరిదానికొచ్చాక ఆయనకి ప్రాణం లేచొచ్చింది. "ఇది మాత్రం తప్పు కాదండీ! ఒక వరస అంకెలన్నీ రెట్టింపు చేశానంతే. రెండు వరసల మధ్య సహసంబంధం మారదు."

"ఎందుకు మారదు సార్?"

ఎవరైనా ఆయన్ని అలా అడిగి ఎన్నాళ్లయిందో. బల్ల మీది కాగితాలు పక్కకి నెట్టి పావుగంట చెప్పాడు. మొదటిసారి "కూర్చోండి" అన్నాడు కూడా. పదింటికీ జవాబులు మార్చారు, పుస్తకం ఒక రోజు ఆలస్యంగా ప్రెస్సుకి వెళ్లింది. సున్నాలక్క అట్ట మీద అయిదో సూత్రం రాసుకుంది. పదకొండులో పది పట్టానని కాదు, ఆ పదకొండోది ఎందుకు తప్పు కాదో అర్థమైనందుకు ఆవిడకి ఎక్కువ సంతోషం.

హెడ్డు మాత్రం తరవాత ఆ ఊసే ఎత్తలేదు. పుస్తకం బయటికిస్తాడో ఇవ్వడో ఏడాదంతా తెలియలేదు. అడగడానికి ఆవిడకి అభిమానం అడ్డొచ్చింది.

ఈ ఏడాది మొన్న పొద్దున్న అటెండరు కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. సున్నాలక్క తాడు విప్పి ఒక్కో పేజీ తిప్పింది. నూట పన్నెండో ప్రశ్న పక్కన ఒక సున్నా ఉంది. తను చుట్టింది కాదు, పెన్సిలుది అసలే కాదు. నీలం సిరా, హెడ్డు చేతిది. పక్కన చిన్న అక్షరాల్లో రాసి ఉంది: 'అక్కా, ఇక్కడ నాకే అనుమానంగా ఉంది. చూసి చెప్పండి.'

ఆవిడ ఆ కాగితం రెండుసార్లు చదివి ఫోన్ అందుకుంది.

"ఏమయ్యా, మిషను ఆపి విను. ఈ ఏడాది కందకే దురద పుట్టింది."

అవతల ఇంటాయన నవ్వు ఇంకా ఆగకముందే దారం లాగి పెన్సిలు చేతిలోకి తీసుకుంది.