పిలుపు రాని గొంతు

మా కారిగ్‌మోర్ రేవులో పాటకు ఒక కట్టుబాటు ఉంది. పాడినవారికే తరువాత ఎవరు పాడాలో చెప్పే హక్కు దక్కుతుంది. దాన్ని 'పిలుపు' అంటాం. పిలవనిదే లేచి పాడటం మర్యాద కాదు; పిలిచాక పాడకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. మా ఊరి గాయని గొబ్నిట్ లూసీ రికార్డులు డబ్లిన్‌లో, లండన్‌లో అమ్ముడవుతున్న రోజుల్లోనూ, అవి ఆగిపోయి ఆమె చేపల కార్ఖానాలో కానాగంతల పొట్టలు చీలుస్తున్న రోజుల్లోనూ, ఫాక్ట్‌నా నడిపే పబ్బులో ఆమెను పిలిచినవారు లేరు.

కారణం ఒక్క పాట. ఆమె తండ్రి ఊపిరితిత్తుల జబ్బుతో పోతూ కూతురికొక మాట చెప్పాడు. ఆమెకు ముందు ఇంకో ఆడపిల్ల పుట్టి, జ్ఞానస్నానానికి ముందే కన్నుమూసింది. జ్ఞానస్నానం పొందని బిడ్డకు చర్చి శ్మశానంలో చోటు లేదు. కొట్టునుంచి తెచ్చిన ఖాళీ వెన్న చెక్కపెట్టెలో పడుకోబెట్టి, మునిమాపువేళ కొండ అంచు బీడులో తానే పూడ్చి వచ్చాడు. గొబ్నిట్ దాన్ని పాటగా కట్టింది. టెలివిజన్‌లో ఊరి పేరు, తల్లి పేరు చెప్పి మరీ పాడింది. "దేవుడి ఇంటికి తాళం వేసి, తాళంచెవి మా ఫాదర్లు జేబులో వేసుకున్నారు" అని కూడా అన్నది.

మరుసటి ఆదివారం చర్చి పీఠం మీదనుంచి ఆమెను పేరుపెట్టి ఖండించారు. కచేరీలకు ఒప్పుకున్న హాళ్లు వెనక్కు తగ్గాయి. చర్చిలో తల్లి హనోరా కూర్చునే బల్ల మీద ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు.

గొబ్నిట్‌ను అమరురాలిగా చిత్రించడం నాకు సమ్మతం కాదు. ఆ పాటలో సత్యం ఉంది. మూడవ చరణంలో ఆ సత్యాన్ని చూసుకుని మురిసిపోవడమూ ఉంది. సత్యం పలికినంత మాత్రాన అది మన సొత్తు అవుతుందా అన్న ప్రశ్న ఆమె వేసుకోలేదు. లోకమూ వేయలేదు. సభకు సగంమంది చప్పట్లతో, సగంమంది కోడిగుడ్లతో వచ్చేవారు. ఇరుపక్షాలకూ కావలసింది ఆ పాటే. తరువాత రాసినవాటిని, వాటిలో మెరుగైనవాటిని సైతం, ఎవరూ వినలేదు. తాగుడు పట్టుకుంది, పెళ్లి చెడింది, గొంతు బొంగురుపోయింది. చివరకు తల్లి ఇంటికే వచ్చి చేరింది.

హనోరా తలుపు తీసింది, పళ్లెం పెట్టింది, మాట మాత్రం పెట్టలేదు. చెప్పవలసినవన్నీ కుక్కకు చెప్పేది.

"ఒరేయ్ షెప్, ఆ మహారాణికి చెప్పు, టీ చల్లారిపోతోందని."

"షెప్, మహారాణి చక్కెర మానేసిందని మీ అమ్మగారికి చెప్పు."

"మానాల్సినవి ఇంకా చాలా ఉన్నాయని చెప్పరా."

పని దిగాక గొబ్నిట్ పబ్బులో గోడవారన కూర్చునేది. "ఎన్నాళ్లని కూర్చుంటావే పిల్లా? ఊరు మారదు" అన్నాడు ఒకసారి ఫాక్ట్‌నా.

"ఊరు ఎవరిక్కావాలి? అమ్మ ఒక్కసారి పిలిస్తే చాలు."

"మీ అమ్మ పాడటమే మానేసింది కదే. పాడనిదే పిలుపెక్కడిది?"

"అందుకే కూర్చున్నా."

హనోరా తమ్ముడు మోసీని పాతిపెట్టిన మధ్యాహ్నం ఊరంతా తడికోట్లతో పబ్బులో చేరింది. సూపు గిన్నెలు తిరుగుతున్నాయి. మోసీకి ఇష్టమైన పాట పాడమని ఎవరో హనోరాను అడిగారు. ఆమె కళ్లు మూసుకుని పాట ఎత్తుకుంది. పక్కనున్న ముసలాయన, మా ఆనవాయితీ ప్రకారం, ఆమె చేయి పట్టుకుని పాట సాగినంతసేపూ మెల్లగా తిప్పుతూ కూర్చున్నాడు.

"పిలుపు నీది, హనోరమ్మా" అన్నాడు ఫాక్ట్‌నా. అందరూ మోసీ కొడుకు వైపు చూశారు.

"నా కూతురు" అంది హనోరా.

గొబ్నిట్ లేచింది. "ఏ పాటమ్మా?"

"నీకొచ్చింది ఒక్కటేగా! ఊరూరా తిరిగి పాడావు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"అదా? దానికేగా ఇన్నేళ్లూ నాతో మాట్లాడనిది!"

"బయటపెట్టినందుకనుకున్నావా? మేరీ అన్నావే పాటలో! ఎవరే మేరీ? ఈ ఊళ్లో రాయి విసిరితే మేరీకి తగుల్తుంది. నా బిడ్డకి పేరుంది. లాసరీనా. మీ నాన్నకి కూడా చెప్పలేదు. పెట్టె మూత వేసేముందు దాని చెవిలో చెప్పా."

"నాకెలా తెలుస్తుందమ్మా?"

"అడిగుంటే తెలిసేది. టీవీవాడికి చెప్పావుగానీ నన్ను అడిగావా?"

జ్ఞానస్నానం లేని బిడ్డకు పేరు ఉండదని మా అందరి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఎదిరించిన పాట కూడా దాన్నే నమ్మి, పేరులేని చోట ఊరందరికీ ఉండే పేరు పెట్టింది.

గొబ్నిట్ పాడింది. మేరీ అన్న చిన్న పేరుకు కట్టిన వరసలో లాసరీనా ఇమడలేదు. పేరు వచ్చిన ప్రతిచోటా పాట విరిగింది. ఆమె ఆగి, ఆ పేరును పూర్తిగా పలికి, మిగిలిన వరసను ఎత్తుకుంది. అది మంచి పాట కాదు. అంతకుముందు మాత్రం మంచిదా అంటే చెప్పలేను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"పిలుపు నీది, గొబ్నిట్" అన్నాడు ఫాక్ట్‌నా, నేల చూస్తూ.

"లాసరీనా" అంది.

ఒక పాటకు పట్టేంతసేపు కూర్చున్నాం. కిటికీ మీద వాన కొడుతూ ఉంది. తరువాత హనోరా కోటు తొడుక్కుని, "పదవే, కుక్క ఆకలితో ఉంటుంది" అంది. దెప్పకుండా కూతురితో సూటిగా అన్న మాట అదే. ఆ తరువాత అన్నవి ఉంటే నేను వినలేదు. క్షమించిందని రాయడానికి నా దగ్గర ఆధారం లేదు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. రికార్డు మాత్రం మేరీ అనే అంటుంది. రేడియోలో ఆ పాట వచ్చినప్పుడల్లా, పేరు దగ్గరికి రాగానే ఫాక్ట్‌నా మీట తిప్పి ధ్వని తగ్గిస్తాడు, దాటాక పెంచుతాడు. ముసలివాడయ్యాడు, ఒక్కోసారి చేయి ఆలస్యమవుతుంది. అప్పుడా తప్పు పేరు పబ్బంతా వినిపిస్తుంది. ఎవరూ తల ఎత్తరు.