నాన్న బుధవారం నాడు తిన్న పెసరట్టు

ఇలాంటివి చెప్పే ప్రతివాడూ ముందుగా ‘నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు’ అంటాడు. నేనూ అంటున్నాను, కానీ నాది ఒట్టి మాట కాదు. స్టీలు సామాన్ల కొట్లో నలభై ఏళ్లు కూర్చున్నవాణ్ణి. బిందెను వెలుతురుకు పెట్టి చూశాకే అందులో చిల్లు లేదని నమ్ముతాను. చదువుకునే రోజుల్లో శ్మశానం గోడ పక్కనే గది అద్దెకు తీసుకున్నాను. అక్కడ నన్ను పీక్కుతిన్నవి దోమలే, ఇంకెవరూ కాదు.

అందుకని కల్పించకుండా, జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఎనభైల మొదటి సంవత్సరాలు. మాది రాజమండ్రి. మెయిన్ రోడ్డులో నాన్నదీ నాదీ సామాన్ల కొట్టు. నాన్నకు తిండంటే పంచప్రాణాలు. ఆయనకు ఊరంటే వీధులు, పేటలు కాదు, ఏ మూల ఏది బాగుంటుందన్నదే ఊరు. ఆదివారం కొట్టుకు సెలవు. ఆ రోజు ఆయన ఊరు చుట్టి రావాల్సిందే. దాన్ని ‘ఆదివారం చుట్టు’ అని అమ్మ వెక్కిరించేది. నాకు ఆరేళ్లు వచ్చినప్పటి నుంచి ఆయన చెయ్యి పట్టుకుని నేనూ తిరిగాను.

మొదట కోటగుమ్మం వెనక సందులో అప్పారావుగారి పెసరట్టు. నాలుగు బల్లల హోటలు. అట్టు అంచు కరకరలాడుతూ, మధ్యలో అల్లం ముక్కలు మెత్తబడి, అరిటాకు ముక్క మీద పొగలు కక్కుతూ వచ్చేది. అందరూ లోపల ఉప్మా పెట్టించుకునేవాళ్లు. నాన్న మాత్రం “ఉప్మా పెడితే పెసరట్టు మొహం కనపడదండీ” అనేవాడు. అక్కణ్నుంచి మెయిన్ రోడ్డుకు వచ్చి, గ్లాసు అడుగున కోవా వేసి ఇచ్చే రోజ్ మిల్కు. ఆ తర్వాత తిన్నదంతా అరగాలని గోదావరి గట్టు మీద నడక. అరిగిందని ఆయనకు తోచగానే రేవు మెట్ల దగ్గర నూకాలమ్మ బుట్టలోంచి జామకాయ. నూకాలమ్మ మొగుడు చేపలు పట్టేవాడు, ఆవిడ జామకాయలు అమ్మేది. కాయ నాలుగు చీలికలు చేసి ఉప్పూ కారం అద్ది ఇచ్చేది. సాయంత్రం రేవు దగ్గరి బండి మీద అరటికాయ బజ్జీతో చుట్టు ముగిసేది.

అలాంటి మనిషి తిండి మానేశాడు.

కాకినాడలో హెర్నియా ఆపరేషన్ చేయించాం. అది బాగానే జరిగింది. కానీ ఆ తర్వాత నోట్లో మెతుకు పెట్టలేదు. అమ్మ జావ పట్టుకుని బతిమాలితే మొహం గోడకు తిప్పుకునేవాడు. ఐదు రోజులు సెలైన్ మీదే గడిచింది. ఆయన చేతులు పుల్లల్లా అయిపోయాయి. డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, “కోతకు మందుంది గానీ బతకాలని లేకపోతే దానికి నా దగ్గర మందు లేదండీ. ఆయనకేది ఇష్టమో అది తెచ్చి పెట్టండి. రేపు ఎల్లుండిలోగా తినకపోతే కష్టం” అన్నారు.

అందుకే ఆ బుధవారం పొద్దున్నే మొదటి బస్సుకు రాజమండ్రి బయల్దేరాను. చుట్టులో ఉన్నవన్నీ కట్టించుకుని సాయంత్రానికల్లా తీసుకెళ్లాలని నా ఆలోచన.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బజార్లో ఎవరికీ నాన్న ఆసుపత్రిలో ఉన్నట్టు తెలియదు. మా వ్యాపారస్తుల ఇళ్లలో అదొక పద్ధతి. పెద్దాయన మంచాన పడ్డాడని తెలిస్తే సరుకు పంపేవాళ్లు వెనకాడతారు, పక్క కొట్టువాడు మన బేరాలు లాక్కుంటాడు. అందుకని ‘తునిలో మేనత్త మనవరాలి పెళ్లి, పది రోజులుంటారు’ అని అందరికీ చెప్పాం. చెప్పింది నేనే, నా నోటితోనే.

తొమ్మిదిన్నరకు అప్పారావుగారి హోటల్లో అడుగు పెట్టాను. రెండు పెసరట్లు కట్టమన్నాను. ఆయన అట్లకాడ ఆపి నవ్వాడు.

“మళ్లీనా అండీ? నాన్నగారు ఇప్పుడే కదండీ రెండు లాగించి వెళ్లారు. తుని నుంచి ఎప్పుడొచ్చారేంటి?”

పొరపాటు పడుతున్నాడనుకున్నాను. ఏ ఆదివారం సంగతో చెబుతున్నాడనుకున్నాను. ఆయనే మళ్లీ అన్నాడు: “ఆదివారం మనిషి బుధవారం వచ్చారేంటండీ అని అడిగాను కూడాను. ఈ వారం కుదర్లేదు, అందుకే ఇవాళ అన్నారు. ఉప్మా వద్దన్నారు, మామూలే. చేతికా ప్లాస్టరేంటండీ అంటే చీమ కుట్టిందన్నారు. చీమ కుడితే ప్లాస్టరేస్తారా అండీ ఎవరైనా!”

నాన్న చేతికి సెలైన్ సూది కదలకుండా ప్లాస్టరు అంటించారు. అది ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు. ‘అది కాదండీ, ఆయన కాకినాడలో ఉన్నారు’ అని అనబోయి ఆగిపోయాను. పెళ్లి అని నేనే చెప్పాను కదా! ఇప్పుడేమని అడగను? “అవునండీ, రాత్రే వచ్చారు” అని పిచ్చినవ్వు నవ్వి బయటపడ్డాను. అట్లు కట్టించుకోవడం కూడా మర్చిపోయాను.

రోజ్ మిల్కు కొట్టు దగ్గరికి దాదాపు పరుగెత్తాను. కొట్టాయన నన్ను చూసి చెయ్యెత్తి, “ఒక్క పావుగంట ముందొస్తే నాన్నగారు దొరికేవారండీ. ఇవాళ కోవా రెండోసారి వేయించుకున్నారు. మనిషి మాత్రం బాగా చిక్కిపోయారు, పెళ్లిలో సరిగ్గా పెట్టలేదా ఏంటి?” అన్నాడు.

మనిషి పోయేటప్పుడు ఇష్టమైన చోట్లన్నీ ఒకసారి చూసుకుని వెళతాడని మా నాయనమ్మ అంటుండేది. నేను నవ్వేవాణ్ణి. ఆ రోజు ఎండలో, మెయిన్ రోడ్డు మధ్యలో నిలబడి, ఆ మాటే తలుచుకున్నాను. కాకినాడకు ట్రంకాల్ చెయ్యొచ్చు. చెయ్యలేదు. నిజం చెప్పాలంటే, అవతల వాళ్లు ఏం చెబుతారోనని భయం వేసింది. ఫోను చెయ్యకపోతే ఆయన ఇంకా ఉన్నట్టే అనిపించింది.

గట్టు మీదకు వెళ్లాను. ఎదురుగా వచ్చే ప్రతి తెల్లపంచెనూ చూసుకుంటూ నడిచాను. ఒకాయన్ని వెనక నుంచి భుజం పట్టుకుని లాగేశాను కూడా, పాపం. రేవు మెట్ల దగ్గర నూకాలమ్మ తనంతట తనే పిలిచింది.

“మీ నాన్నారు ఇందాకా ఇక్కడే కూకున్నారు బాబూ. కాయ తిన్నారు. ఆనక కొవ్వూరు పడవెక్కేరు.”

నాన్నకు నీళ్లంటే భయం. గోదావరి ఒడ్డున పుట్టి ఒక్కసారి కూడా పడవెక్కని మనిషి. కొవ్వూరు వెళ్లాల్సొస్తే బ్రిడ్జి మీద బస్సులోనే, అదీ కళ్లు మూసుకుని.

“వెళ్లిపోయాడా?” అన్నాను.

“ఎక్కడ బాబూ! పడవోడు గెడ ఎత్తేడు, ఈయనేమో లేచి నించుని ఆపు ఆపంటా దిగిపోయేరు. ఏంటండి బాబుగారూ అంటే, అరటికాయ బజ్జీ తినకుండా అవతలొడ్డుకి ఎలాగెల్తానే అన్నారు. మాంచి సరదా మనిషి!”

ప్లాస్టరు ఏ చేతికుందో చూశావా అని అడిగాను. ఎడం చేతికని తడుముకోకుండా చెప్పింది. కుడి చెయ్యి వాచిందని సూదిని ఎడం చేతికి మార్చింది ముందు రోజు సాయంత్రమే. అది చూసింది నేనూ అమ్మా నర్సూ.

బజ్జీల బండి రేవుకు కాస్త ఎగువన ఉండేది. సాయంత్రం నాలుగైతే గానీ పొయ్యి వెలిగించేవాడు కాదు. నేను పన్నెండింటి నుంచి అక్కడే కూర్చున్నాను. నాన్న వస్తాడని కూర్చున్నానా, రాకూడదని కూర్చున్నానా అంటే చెప్పలేను. వస్తే ఏం చెయ్యాలి? కాళ్లకు అడ్డం పడి, ‘పడవెక్కకు నాన్నా’ అందామనుకున్నాను. అంతే అనుకున్నాను.

బండి వచ్చింది. నూనె కాగింది. నాన్న రాలేదు. మొదటి వాయి అరటికాయ బజ్జీలు నాలుగు కట్టించుకుని బస్టాండుకు పరుగెత్తాను.

ఆసుపత్రికి చేరేసరికి దీపాలు పెట్టారు. వరండాలో అమ్మ కనిపించింది. ఏడవడం లేదు. అది చూశాక గానీ నాకు ఊపిరి ఆడలేదు. పొద్దున తొమ్మిదికి కళ్లు మూశాడట. నర్సు పిలిచినా, డాక్టరుగారు తట్టినా లేవలేదట. మధ్యాహ్నం నాడి మరీ బలహీనపడితే బంధువులకు కబురు పెట్టుకోమన్నారట. ఒంటిగంట దాటాక తనంతట తనే కళ్లు తెరిచి, ‘అబ్బాయి వచ్చాడా?’ అని అడిగాడట.

మంచం దగ్గరకు వెళ్లి పొట్లం విప్పాను. అమ్మకు ఒళ్లు మండిపోయింది.

“పొద్దుననగా వెళ్లినవాడివి, రోగిష్టి మనిషికి నాలుగు బజ్జీలా నువ్వు తెచ్చింది? పెసరట్టేదీ? ఆ పాలేవీ?”

నేను నోరు తెరిచేలోపే నాన్న అందుకున్నాడు.

“వాణ్ణేమీ అనకే. అవి నేను తినేశానులే.”

సంధి ప్రేలాపనలనుకుని అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న నెమ్మదిగా లేచి కూర్చున్నాడు. ఎడం చెయ్యి కదపకుండా కుడిచేత్తో ఒక బజ్జీ తీసుకుని, వాసన చూసి, తినేశాడు. ఇంకోటి తీసుకున్నాడు. చల్లారి మెత్తబడిపోయిన బజ్జీలవి. ఆరు రోజుల తర్వాత మా నాన్న నమలడం చూస్తూ నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను. సిగ్గేమీ లేదు.

ఆయన ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు. ఎన్ని ఆదివారాలో కలిసి తిరిగాం. ఆ బుధవారం మాట ఆయన ఎత్తలేదు. నాకూ అడిగే ధైర్యం చాల్లేదు. ముగ్గురూ కలిసి అబద్ధం ఆడారందామంటే ఒకరితో ఒకరికి పరిచయమే లేదు. పొరబడ్డారందామంటే ఆ ప్లాస్టరు ఉంది. కొట్లో బేరాల్లేనప్పుడు ఇప్పటికీ అన్ని వైపుల నుంచీ తిప్పి చూస్తుంటాను. ఎక్కడా అతుకు కనపడదు.

వాటన్నిటికంటే నాకు అర్థం కానిది ఒకటుంది. ఆ సాయంత్రం మిగిలిన రెండు బజ్జీలూ నాన్న నా వైపు తోశాడు. నేను ఎక్కడికెక్కడికి వెళ్లానో అప్పటికి అమ్మకు కూడా చెప్పలేదు.

“తినరా,” అన్నాడు. “పొద్దున్నుంచీ నా వెనకే ఊరంతా తిరిగావు, ఒక్కచోటైనా ఆగి తిన్నావా?”