ముగ్గు మీద ఆరని మచ్చ

మొన్న నోయిడాలో కారు సర్వీసింగుకిచ్చి కూర్చుంటే, లోపలి నుంచి బ్రేక్ ఆయిల్ వాసన వచ్చింది. చేపల బజారులో ఎవరో తీపి మందు ఒలకబోసినట్టుండే ఆ వాసన ఎవరికీ గిట్టదు. నాకు మాత్రం ఆవపిండి ఘాటూ, కూలర్లో తడిసిన గడ్డి చల్లదనమూ, ఆర్.కె. పురంలో మా కింది అంతస్తు క్వార్టరు గుమ్మమూ ఒక్కసారే గుర్తొచ్చి, చేతిలో టీ చల్లారేదాకా అలాగే కూర్చుండిపోయాను.

ఢిల్లీ మే నెలంటే మధ్యాహ్నాలు వడగాలి తలుపులు బాదుతుంటే అమ్మ చాప మీద మామిడికాయ ముక్కలు తుడుస్తూ కూర్చునేది, మేము పొద్దు వాలేదాకా ఆగి వేపచెట్టు కింద ఏడు పెంకులు పేర్చి పిట్టూ ఆడుకునేవాళ్లం, మేడమీది ఆంటీ ఆవకాయ వాసనకి గిన్నె పట్టుకుని దిగివచ్చేది. నాన్న చార్టర్డ్ బస్సులో ఆఫీసుకెళ్లి వచ్చి, చొక్కా అయినా విప్పకుండా, ఆ మధ్యే కొన్న పాత కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసేవాడు. తెల్లవారగానే ఆయన కారు వెనక్కి తీస్తే, అమ్మ ఆ జాగా ఊడ్చి, నీళ్లు చల్లి, బియ్యప్పిండితో ముగ్గు పెట్టేది. తర్వాత ఇద్దరూ ఖాళీ రోడ్ల మీద డ్రైవింగ్ అభ్యాసానికి వెళ్లొచ్చి, సరిగ్గా ఆ ముగ్గు మీదే కారు నిలిపేవారు. ముగ్గు గొప్పదా కారు గొప్పదా అన్న తగవు మా ఇంట్లో రోజూ ఉండేది.

అమ్మ నేర్చుకోవడానికి కారణం ఉంది. జనక్‌పురిలో ఒక స్కూల్లో ఆమెకు టీచరు ఉద్యోగం వచ్చింది, జూలైలో చేరాలి. బస్సులైతే రెండు మారాలి, నన్ను నా బడిలో దింపి వెళ్లేసరికి గంట కొట్టేస్తారు. లైసెన్సు వస్తేనే ఉద్యోగం అని నాన్న తీర్మానించాడు. వచ్చే శనివారమే పరీక్ష.

సరిగ్గా అప్పుడే క్లచ్ మొరాయించింది. అమ్మ తొక్కితే పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోయేది, గేరు వేయబోతే కారు పళ్లు నూరేది. నాన్న తొక్కితే మాత్రం బుద్ధిగా గేరు పడేది. ఇంకేం, తీర్పు అయిపోయింది.

"క్లచ్చి మీద కాలేసుక్కూచుంటావు. ప్లేటు తినేశావు," అన్నాడు నాన్న.

మార్కెట్ పక్కన పనిచేసే మెకానిక్ భయ్యా కారు కిందికి వంగైనా చూడకుండా, "ప్లేట్ గయీ సాబ్. లేడీస్ లోగ్ ఐసే హీ చలాతే హైఁ," అని, ఆడవాళ్లు నడిపితే ఇంతేనని నవ్వాడు. గేర్‌బాక్స్ దించాలట, వారం పడుతుందట. నాన్న పరీక్షకి వెళ్లొద్దన్నాడు, స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాడు. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, నాన్న మాట కన్నా ఆ నవ్వే అమ్మకు ఎక్కువ గుచ్చుకుంది. రెండు రోజులు వంచిన తల ఎత్తకుండా ఆవాలు దంచింది. నాకు భయమేసింది.

మూడోరోజు పొద్దున నాన్న కారు వెనక్కి తీశాడు. నిన్నటి ముగ్గు మీద రూపాయంత తడి మచ్చ. నేను వేలు పెట్టి, నాకు అలవాటైన హిందీలో, "మమ్మీ, యే సూఖ్తా క్యోఁ నహీఁ?" అని, ఇది ఆరదేమని అడిగాను.

అమ్మ చీపురు పక్కన పెట్టి వాసన చూసింది. "నీళ్లయితే ఈ ఎండకి ఎప్పుడో ఆరిపోను," అంది మెల్లగా. తర్వాత నాన్న వైపు తిరిగింది. "ఏవండీ, మీరు గబగబా మూడుసార్లు తొక్కి గేరేస్తారు. నేను డ్రైవింగ్ స్కూల్లో చెప్పినట్టు ఒక్కసారే తొక్కుతాను. ప్లేటే పోతే, మూడోసారికి మీకెలా పడుతుందండీ?"

నాన్న వంగి ఆ మచ్చని చూశాడు. ఆ సాయంత్రం మెకానిక్ భయ్యాని మళ్లీ పిలిపించి, అమ్మ ఊడవకుండా ఉంచిన ఆ ముగ్గు చూపించింది. అతను అట్టముక్క పరుచుకుని కారు కిందికి దూరి, కాసేపటికి నూనె వేలితో బయటికొచ్చాడు. "మేడమ్ సహీ బోల్ రహీ హైఁ. నీచే వాలా సిలిండర్ లీక్ హై." అమ్మ చెప్పిందే నిజమట, కింద సిలిండరు కారుతోందట. పెడల్ తొక్కితే గొట్టంలో బ్రేక్ ఆయిలే పోయి గేర్‌బాక్స్ దగ్గరున్న చిన్న సిలిండర్ని నెడుతుందట. దాని రబ్బరు అరిగి ఆయిల్ కారిపోయి, గొట్టంలోకి గాలి చేరింది. మూడుసార్లు తొక్కితే ఆ గాలి నొక్కుకుపోయి కాస్త బలం వచ్చేది.

రబ్బరు మార్చాక ఆ గాలి బయటికి పంపాలి. కింద భయ్యా చిన్న మర విప్పినప్పుడు పైన ఒకరు పెడల్ తొక్కిపెట్టాలి, అతను మర బిగించేదాకా కాలు ఎత్తకూడదు. నాన్నే కూర్చున్నాడు. ఆఫీసులో ఆర్డర్లు వేయడమే తప్ప వినే అలవాటు లేని మనిషి, "ఛోడో" అని వదలమనకముందే కాలు ఎత్తేసేవాడు. వెళ్లిన గాలి మళ్లీ లోపలికొచ్చేది.

అయిదోసారికి భయ్యా, "సాబ్, ఆప్ రహ్‌నే దో," అని నాన్నని ఇక వద్దన్నాడు.

అమ్మ ఆవపిండి చేతులు కొంగుకి తుడుచుకుంది. "లేవండి. నేను తొక్కుతా."

నేను నేల మీద బోర్లా పడుకుని, గొట్టం చివర పెట్టిన జామ్ సీసాలో బుడగలు చూశాను. "దబావో," తొక్కమన్నాడు భయ్యా. అమ్మ కాలు దిగింది, అలాగే ఆగింది. ఛోడో అన్నాకే లేచింది. బుడగలు పెద్దవి, చిన్నవి, ఆవగింజలంతవి, ఆ తర్వాత ఒక్కటీ లేదు. నాన్న బానెట్ దగ్గర నిలబడి, ఆమె చెప్పినప్పుడల్లా లోపలి చిన్న డబ్బాలో ఆయిల్ పోశాడు. తప్పంతా మోసిన ఆ కాలే కారును బాగుచేసిందని నాకు ఆ వయసులోనే అర్థమైంది.

అమ్మ అక్కడికక్కడే రివర్సు వేసింది. చప్పుడు లేదు. పిట్టూ ఆపేసి పిల్లలందరూ వెంట పరిగెత్తుతుంటే కాలనీ చుట్టూ ఒక రౌండు కొట్టి వచ్చి, ముగ్గు తొక్కకుండా రెండడుగుల ముందే ఆపింది.

"ప్లేటు బాగానే ఉందే," అన్నాడు నాన్న.

"కాలు కూడా బాగానే ఉందండీ," అంది అమ్మ.

శనివారం ఆమె పరీక్ష నెగ్గింది. జూలైలో జనక్‌పురికి కారు నడుపుకుంటూ వెళ్లి, రిటైరయ్యేదాకా అలాగే వెళ్లింది.

మా వరస క్వార్టర్లు ఇప్పుడు లేవు, వేపచెట్టు లేదు, పిట్టూ ఆడే పిల్లలు లేరు. నా కారు ఆటోమేటిక్, క్లచ్ పెడలే లేదు, ఎడమకాలు ఊరికే కూర్చుంటుంది. ద్వారకాలో మేముండే అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ముగ్గు వేయనివ్వరు. అమ్మ మాత్రం ఇంకా మూడు పెడల్స్ కారే నడుపుతుంది. బయల్దేరే ముందు నాన్న మోకాళ్లు పట్టుకుని వంగి, ఏ మచ్చా కనిపించని ఆ నల్లటి నేలను ఓసారి చూస్తాడు. లేచి, కారు చుట్టూ తిరిగి వెళ్లి, ఎడమవైపు తలుపు తీసి, అమ్మ పక్కన కూర్చుని బెల్టు పెట్టుకుంటాడు.