నాలుగు పుస్తకాలు చెప్పిన నీళ్లు

నా పేరు నలుగురికీ తెలిసింది ఒక తప్పు వల్ల. పాతికేళ్లు వైద్య పత్రికల్లో నేను రాసిన మిగతా వ్యాసాలను పట్టించుకున్న నాథుడు లేడు. ఆ ఒక్కదానికి మాత్రం దేశదేశాల నుంచి కార్డులొచ్చేవి, మీ వ్యాసం ప్రతి ఒకటి పంపగలరా అని. వాటిని బిస్కెట్ డబ్బాలో దాచుకుని, తీరికైనప్పుడల్లా తీసి చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

యాభైల చివర్లో నల్లగొండ దగ్గర ఒక ఊరికి ఎముకల జబ్బు చూడటానికి వెళ్లాను. నడివయసు దాటిన ప్రతి మనిషి వెన్నూ, కొందరు పడుచువాళ్లదీ, కొయ్యబారి ముందుకు వంగిపోయి ఉండేది. తల ఎత్తలేరు కాబట్టి వచ్చినవాణ్ణి కాళ్లను బట్టి గుర్తుపట్టేవారు. మిట్టమధ్యాహ్నం ఆ వీధిలో నడుస్తుంటే అరుగుల మీద ఒక్క ముఖమూ లేవదు. అయినా నేను దాటకముందే ఎవరిదో గొంతు వినపడేది: "ఎర్ర బూట్ల సారొచ్చిండు."

ఎనిమిది మందిని ఒక మట్టిగోడ నీడలో వరుసగా కూర్చోబెట్టి ఫోటో తీశాను. పరీక్షలతో తీరిక లేక, గొర్రెల కాపరుల ఇంటి అవ్వ చేతికి సీసా ఇచ్చి, పట్నం తీసుకుపోతాను, నీళ్లు నింపి తెమ్మన్నాను. ఆమె చాలాసేపటికి గానీ రాలేదు. పట్నంలో చూస్తే ఆ నీళ్లలో ఫ్లోరైడ్ లేనంత తక్కువ. నీళ్లు మంచివే, దోషం తిండిలో ఉండాలి అని రాశాను. అందరూ నీళ్లనే అనుమానిస్తున్న రోజుల్లో అది కొత్త మాట. వరుసగా నాలుగు పెద్ద పుస్తకాలు నన్ను ఉదహరించాయి. ఒకదాంట్లో నా ఫోటో కూడా వేశారు, ఎనిమిది మంది కళ్ల మీదా నల్ల పట్టీలతో.

కొన్నేళ్లకు ఇంకో వ్యాసం ఆశతో మళ్లీ వెళ్లాను. అదే గోడ, అదే వరుస. వాళ్లను అక్కడ ఎవరూ కూర్చోమనలేదు, ఆ వేళకు నీడ అక్కడే పడుతుంది. చనిపోయిన ముగ్గురి జాగాలు ఖాళీగా వదిలి, ఐదుగురూ ఎవరి చోట వాళ్లున్నారు. పుస్తకంలోని బొమ్మ నా కోసం కాచుకుని ఉన్నట్టనిపించి భయమేసింది. తన తాత వదిలిన ఖాళీలో అవ్వ మనవరాలు, పదేళ్ల పిల్ల, గవ్వలాడుకుంటోంది. ఆ ఊళ్లో నా ముఖంలోకి చూసి నవ్వింది ఆ పిల్ల ఒక్కతే.

అవ్వ చెంబుతో నీళ్లిచ్చింది. తియ్యగా ఉన్నాయి.

"ఇంత మంచి నీళ్లు తాగుతూ ఊరందరికీ ఈ బాధేమిటవ్వా?" అన్నాను.

"గియ్యి మాయి గావు సారూ, పక్కూరియి. ఇంటికొచ్చినోళ్లకు మా చౌడు నీళ్లిస్తమా? సుట్టమొస్తె పక్కూరి బాయికి పోయి తెచ్చుడే మా రివాజు."

"మరి ఆనాడు నా సీసాలో నింపినవి?"

"గవ్వి గూడ గా బాయియే. పట్నం తీస్కపోతనంటిరి గద."

చేతిలోని చెంబు కింద పెట్టేశాను. ఆమె ఊరుకోలేదు.

"మా నీళ్లు మంచియేనని మీరు పుస్తకంల రాసిన్రట. పైపులేసి పక్కూరి నీళ్లియ్యమని అర్జీ పెడితె వాపస్ పంపిన్రు. జర మీరన్న చెప్పున్రి సారూ. గీ పిల్లన్న సక్కగ నడవాలె."

ఆ పూట వాళ్ల బావి నీళ్లు నేనే తోడుకున్నాను. పరీక్ష చేయిస్తే నిండా ఫ్లోరైడే, అనుమానమే మిగల్లేదు. పేరు పోతుందని పెద్దలు వారించినా, తప్పు ఒప్పుకుంటూ పత్రికకు రాశాను. చివరి పేజీలో ఒక మూలకు వేశారు. దాని ప్రతి పంపమని ఒక్క కార్డూ రాలేదు. పాతదానికి మాత్రం వస్తూనే ఉన్నాయి. వాటిని చదవకుండానే డబ్బాలో పడేసేవాణ్ణి.

సవరణ పట్టుకుని అర్జీలు చూసే ఆఫీసుకు వెళ్లాను. అక్కడి అధికారి మర్యాదస్తుడే. ఫైలు తిప్పి, "నాలుగు కితాబులు గా నీళ్లు మంచియంటున్నయి డాక్టర్ సాబ్. మీరొక్కరే కాదంటున్నరు," అన్నాడు.

"ఆ నాలుగింటికీ చెప్పింది నేనే," అంటూ ఫైలులోని ఆ పుస్తకాల పేజీల అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న నా వ్యాసం పేరు చూపించాను.

"అంటె మొత్తం ఐదన్నట్టు," అని ఫైలు మూసేశాడు.

ఆఫీసుల చుట్టూ తిరగడమైతే మానలేదు. కానీ పని కాలేదని చెప్పే ముఖం లేక ఊరికి పోవడం మానేశాను. పిరికితనం, ఇంకేం కాదు. ఆరేళ్లకు వెళ్లిన మధ్యాహ్నం గోడ నీడలో ఖాళీలు పెరిగాయి. తాత జాగాలో ఆ పిల్ల, మోకాళ్ల మీద చేతులు ఆన్చి కూర్చుని ఉంది. ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. తల ఎత్తలేదు. నేలకేసి చూస్తూనే ఇంట్లోకి కేకేసింది.

"అవ్వా, ఎర్ర బూట్ల సారొచ్చిండు. పక్కూరికి నీళ్లకు పోతున్న."